మా ఊరి నీళ్లు తియ్యగా ఉండేవి

పదో తరగతి మిత్రుల వాట్సాప్ బృందంలో ఈ మధ్య ఒక పోస్టు తిరిగింది. డల్లాస్‌లో స్థిరపడిన మా తరగతివాడే రాశాడు. ఊరి బావి నీళ్ల తియ్యదనం, తొలకరి మట్టి వాసన, కట్టెల పొయ్యి మీద కాలుతున్న జొన్న రొట్టె, కరెంటు పోయిన రాత్రి వాకిట్లో నులక మంచం, పైన లెక్కలేనన్ని చుక్కలు. చక్కగా రాశాడు, కాదనను. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. చివరి వాక్యం దగ్గర మాత్రం ముల్లు గుచ్చుకుంది: "ఇప్పుడు ఆ ఊరు లేదు, అంతా పాడుచేసుకున్నారు."

పాడుచేసుకున్నది ఎవరు? ఊళ్లోనే ఉండిపోయినవాళ్లన్నమాట. వాళ్లలో ఒకడు అదే బృందంలో ఉన్నాడు. బస్టాండు దగ్గర నీళ్ల ప్లాంటు నడుపుకుంటాడు. వాడు ఒక్క మాట రాసి ఊరుకున్నాడు: "ఆ బావి పూడ్చేశాం. మట్టి కావాలంటే పంపిస్తాను."

దండాలు పెట్టే బొమ్మలు, ఎర్రటి గుండె బొమ్మలు వరసగా వచ్చిపడి ఆ మాటను పైకి తోసేశాయి. ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం మొత్తం పోస్టుకంటే ఆ ఒక్క మాటే ఎక్కువ చెప్పినట్టు అనిపించింది.

దేశం వదిలి వచ్చిన మనం ఊరి గురించి తలుచుకుని మురిసిపోయే రుచులు, వాసనలు, చప్పుళ్లలో చాలావాటికి మూలం అక్కడి లేమి. నీళ్లు లేక, కరెంటు లేక, గ్యాసు లేక, వరి పండక వచ్చినవి అవి. ఆ లేమి తీరితే అవీ పోతాయి. పోవాలి కూడా. పోయినందుకు మనసులో వెలితి ఉండవచ్చు, దాన్నెవరూ తప్పుపట్టరు. ఊరివాళ్లే పోగొట్టారని నిందించడం మాత్రం అన్యాయం. నా అభిప్రాయం ఇంతే. దీన్ని ఇంత పొడుగ్గా రాయడం ఎందుకంటే, చెప్పుకున్నంత తేలిగ్గా ఇది నాకే మింగుడుపడడం లేదు.

మాది మునుగోడు, మర్రిగూడ వైపు. ఆ పేర్లు చెబితే చాలు, నీళ్ల దగ్గరి నుంచే ఎందుకు మొదలుపెడుతున్నానో నల్గొండ జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు

మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. వాడుకునేవి ఇంటి ముందు బోరింగు కొడితే వచ్చేవి. తాగేవాటి కోసం అమ్మ, చిన్నమ్మ బిందెలు చంకన పెట్టుకుని దారిలోని బోరింగులన్నీ దాటుకుంటూ ఊరి చివరి బావికి వెళ్లేవాళ్లు. ఎందుకంటే ఆ నీళ్లలో కందిపప్పు ఇట్టే ఉడికేది. సబ్బు బాగా నురగ వచ్చేది. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టేది కాదు. పప్పు, సబ్బు, గిన్నె: ఈ మూడు పరీక్షల్లో నెగ్గినవే మంచి నీళ్లు. వేసవిలో కుండలో పోసి పైన తడిగుడ్డ చుట్టి ఉంచితే, మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తాగిన చెంబెడు నీళ్లు గొంతులోంచి దిగుతుండగా తియ్యగా తగిలేవి. మా మిత్రుడు ఆ విషయంలో అబద్ధం రాయలేదు.

తిరకాసంతా అక్కడే ఉంది. పప్పు ఉడకనివ్వని గట్టి నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటుంది. ఒంట్లోకి ఎక్కువగా పోతే పళ్లను, ఎముకలను పాడుచేసేది ఫ్లోరైడు. కాల్షియం దండిగా ఉన్నచోట అది దానితో కలిసి అడుగున పడిపోతుంది. కాల్షియం తక్కువున్న మెత్తని నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా కరిగి నిలిచే వీలుంటుంది. ప్రతి బావికీ ఈ లెక్క వర్తిస్తుందని కాదు. కింద ఏ రాయి ఉంది, ఎంత లోతు తవ్వారు అన్నవీ చూడాలి. కానీ పప్పు త్వరగా ఉడకడం మంచి నీళ్లకు గుర్తని నమ్మి అంత దూరం నడిచిన ఆడవాళ్ల కష్టం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లు చేసిన పరీక్షల్లో దేనికీ ఫ్లోరైడు దొరకదు. దానికి రంగు లేదు, వాసన లేదు, మా నీళ్లలో ఉన్న మోతాదులో రుచీ లేదు. నీళ్లు తియ్యగా ఉండేవని నా నాలుక చెబుతున్నది నిజమే. అయితే ఆ నీళ్ల గురించి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి నాలుకకు అందేది కాదు.

మా కింద ఉన్నది గ్రానైటు. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. వానలు అంతంతమాత్రం. ఇంకిన నీళ్లు రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మా వైపు బోర్లలో అయిదు దాటినవి ఉన్నాయి. ఇది ఎవరికీ తెలియని రహస్యం కూడా కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు గుర్తించారు. 1945లో హైదరాబాదు సంస్థానంలోనూ ఉందని వైద్య పత్రికకు ఎక్కింది. మా అమ్మ పుట్టకముందే కాగితం మీద ఉన్న సంగతి ఆమె బిందె దాకా రావడానికి ఆమె జీవితం సరిపోలేదు.

మా వాడలో ఒక తాత ఉండేవాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేవాడు కాదు. నిలబడ్డచోటే చిన్న చిన్న అడుగులు వేస్తూ మనిషి మొత్తం ఇటు తిరిగేవాడు. మెడ నుంచి నడుము దాకా ఒకే ఎముకగా బిగుసుకుపోయిందని అప్పుడు మాకు తెలియదు. ఆయన్ని వెనకనుంచి పిలవకూడదు, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడాలి అని ఇంట్లో నేర్పారు. పిల్లలందరం అది మర్యాద అనుకునేవాళ్లం. జబ్బు ముదిరి ముదిరి, చివరికి ఊరి మర్యాదల్లో కూడా కలిసిపోయింది. మా మిత్రుడి పోస్టులో ఆ తాత లేడు. అదే బావి నీళ్లు తాగినవాడు, అదే వాకిట్లో నులక మంచం మీద పక్కకు ఒత్తిగిలలేక పడుకున్నవాడు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవాళ్లు 1970లలో ఫ్లోరైడు తీసేసే పద్ధతి ఒకటి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట వంచుకోవడం. నల్గొండ టెక్నిక్ అనే పేరుతో అది టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. ప్రపంచంలో నీళ్ల గురించి చదువుకునే విద్యార్థులకు మా జిల్లా తెలిసింది ఇలా! ఇంట్లో బకెట్లో చేసుకునే తీరు కూడా ఉంది. కాకపోతే పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో రోజూ పటిక కొలిచి కలిపి, తేట పడేదాకా కాచుకుని కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

ఇంకో పక్క నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరా గాంధీ చేతుల మీదుగా కాలువల్లోకి నీళ్లు పారాయి. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి మాగాణులు, రైసు మిల్లులు వచ్చాయి. మా మండలాలు ఎత్తున ఉన్నాయి కాబట్టి అదే జిల్లాలో ఉండి కూడా బోరింగు దగ్గరే మిగిలిపోయాం. కృష్ణా నీళ్లు మాకు అందడం మొదలైంది చాలా తర్వాత. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ తాగునీళ్లు ఇచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ పెట్టారు. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నీళ్ల సంగతి సరే. వంగిపోయిన ఎముకలు ఏ నీళ్లకూ తిరిగి సాగవు.

మొన్న ఫోనులో మా చిన్నమ్మను అడిగాను, ఇప్పటి నీళ్లు ఎలా ఉన్నాయని.

"చప్పగా ఉన్నాయి బిడ్డా. పాత నీళ్ల రుచి దీనికెక్కడిది?"

ఆమె కూడా అదే మాట అనేసరికి నా వాదం సగం కూలిపోయిందనుకున్నాను. చిన్నమ్మ అక్కడితో ఆపలేదు.

"చప్పగా ఉంటేనేం? మనవరాలి పళ్లు తెల్లగా వచ్చాయి."

పళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. నేను ఉండేది మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో. ఇక్కడికి వచ్చిన కొత్తలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, ఆవిడ నా ముందుపళ్ల మీది గోధుమ చారలు అద్దంలో చూస్తూ, ఎనిమిదేళ్ల లోపు ఏ ఊళ్లో పెరిగారు అని అడిగింది. పంటి మీది పింగాణీ పొర తయారయ్యేది ఆ వయసులోనేనట. ఆ తర్వాత ఎంత ఫ్లోరైడు నీళ్లు తాగినా ఈ చారలు పడవట. నా పాస్‌పోర్టులో మా ఊరి పేరు అక్షరం తప్పుగా అచ్చయింది, పళ్ల మీద మాత్రం తప్పు పడలేదు.

విచిత్రం ఏమిటంటే, పళ్లు పుచ్చకుండా ఉండాలని తాగే నీళ్లలో ఫ్లోరైడు కావాలని కలపడం ప్రపంచంలో మొదలైంది ఈ గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనే. 1945 జనవరి 25న. హైదరాబాదు సంస్థానం పల్లెల్లో ఈ జబ్బు ఉందని రాసిన ఏడాదే. ఇక్కడ నది ఒడ్డున దానికొక స్మారక శిల్పం కూడా నిలబెట్టారు. ఇప్పుడు అమెరికాలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చాలంటున్నారు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు అది కూడా వద్దని చట్టం చేశాయి. సున్నా పాయింటు ఏడు గురించి వీళ్లు చేసుకునే రభస టీవీలో చూస్తుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. మా బోర్ల గురించి అందులో పదోవంతు రభస జరిగి ఉంటే ఎంత బాగుండేది!

మట్టి వాసన లెక్క

నీళ్ల విషయం ఎవరైనా ఒప్పుకుంటారు. మట్టి వాసన దగ్గరికి వచ్చేసరికి అందరూ తిరగబడతారు. దానిలో ఏ విషముందని?

విషం లేదు. కానీ అది ఊరికే రాదు. 1964లో ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని గుట్టు రాశారు. వానలు లేని రోజుల్లో మొక్కల నుంచి వచ్చే ఒకరకం నూనెలు ఎండిన మట్టిలో, రాళ్లలో ఇంకి పేరుకుంటాయి. తొలి చినుకు పడగానే అవి గాలిలోకి లేస్తాయి. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ కూడా వాటితో కలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ అత్తరువాళ్లు ఈ వాసనను ఎప్పుడో బట్టీ పెట్టి సీసాలకు ఎత్తుతున్నారని కూడా ఆ వ్యాసంలో ఉంది. నాకు కావలసిన ముక్క వేరే: నేల ఎన్నాళ్లు ఎండితే వాసన అంత దట్టంగా వస్తుంది.

మిషిగన్‌లో ఏడాది పొడవునా ఏదో ఒకటి కురుస్తూనే ఉంటుంది, వానో మంచో. ఇక్కడి వానకు మా ఊరి వాసన రాదని ఇక్కడున్న మనవాళ్లు చప్పరిస్తుంటారు. ఎలా వస్తుంది? ఈ నేల ఎప్పుడు ఎండిందని? మా ఎర్ర చెలకలు దసరా తర్వాత చుక్క తడి ఎరగకుండా రోహిణి కార్తె దాకా మాడితే, మృగశిరలో పడ్డ నాలుగు చినుకులకు ఊరంతా గుప్పుమనేది. ఆ గుప్పుమనడం ఎనిమిది నెలల ఎండకు కట్టిన లెక్క.

ఆ వాసన వచ్చినప్పుడు మేం పిల్లలం వాకిట్లో గంతులు వేసేవాళ్లం. మా నాన్న ముక్కుపుటాలు ఎగరేసిన జ్ఞాపకం నాకు లేదు. చినుకులు ఆగీ ఆగగానే గునపం పట్టుకుని చెలక వైపు వెళ్లేవాడు. రెండుమూడు చోట్ల పొడిచి, లోపలి మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసేవాడు. ముద్ద కడితే పదునైనట్టు. పొడిపొడిగా రాలితే, "పైపైనే తడిసింది, పదును చాలదు" అని గునపం భుజాన వేసుకుని తిరిగి వచ్చేవాడు. విత్తనాలకు అప్పు ఇప్పుడే తేవాలా, ఇంకో వాన చూసి తేవాలా? ఒకే వాన, ఒకే వాసన. మాకు అది పండగ, ఆయనకు అది తేల్చుకోవలసిన లెక్క. ఇప్పుడు రాస్తున్నది ఆ గంతులు వేసినవాళ్లం. పదును చూసినవాళ్లు రాయలేదు.

ఆముదం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు ఆముదం పంటంటే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేరే చెప్పేవాళ్లు. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో వేసి ఉడికిస్తే పైకి తేలిన నూనెను గరిటెతో తీసేవాళ్లు. ఆ రోజు వాడంతా ఒకటే ఘాటు, గొంతులో అడ్డం పడే వాసన. ఏ మిత్రుడి పోస్టులోనూ అది ఇంతవరకు నాకు కనిపించలేదు. నాకు మాత్రం ఊరంటే అదే. మెత్తని వాసనలనే ఏరుకుంటాం మనం, వెగటువాటిని వదిలేస్తాం. ఆముదం చేలు ఇప్పుడు లేవు, 2002లో బీటీ పత్తి వచ్చాక ఎటు చూసినా తెల్లగా పత్తే. పత్తి మేలు చేసిందని నేను అనను. దాని పెట్టుబడులు, మందు డబ్బాల కథ అందరికీ తెలిసిందే. కానీ దాసరి పురుగు తినగా మిగిలిన ఆముదాలు అమ్ముకుని బతకండి, నాకు ఆ వాసన కావాలి అని ఎవరితో అంటాను?

జొన్న రొట్టె సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. రుచి పొగది. పొగ కళ్లలోకి పోయింది అమ్మది. 1999లో దీపం పథకం కింద గ్యాసు బండ వచ్చిన రోజు ఆమె పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి మరీ సాగనంపింది. డల్లాస్‌లో పెరట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకుని వారాంతం ఒకసారి రొట్టె కాల్చుకోవడం వేరు, పొద్దూమాపూ పొగలో కూర్చోవడం వేరు.

నారాయణపేట మిత్రుడి వాదన

ఈ మాటలన్నీ చికాగోలో ఉండే ఒక స్నేహితుడితో అన్నాను. అతనిది నారాయణపేట వైపు. అతను ఊరుకోలేదు. "నీ లెక్క ప్రకారం బీదవాడికి బాగున్నదంటూ ఏదీ ఉండకూడదు. వాడు తిన్నదాంట్లో రుచి ఉన్నా అది లేమి ఖాతాలోకే పోవాలా? మా నాన్న జొన్న గట్క తింటూ బాగుందని అనేవాడు. ఆ బాగును కూడా నువ్వే లాక్కుంటున్నావు" అన్నాడు.

ఈ దెబ్బ నాకు బాగానే తగిలింది. ఇంకా తడుముకుంటూనే ఉన్నాను. నిజమే, లేమిలో ఉన్నవాళ్లు తమ తిండిని, తమ వానను ఇష్టపడటానికి మన అనుమతి అక్కర్లేదు. అక్కడున్నవాడు బాగుందన్నాడంటే అది బాగున్నట్టే. నేను కాదంటున్నది దూరం నుంచి, అన్నీ అమరిన చోట కూర్చుని, అది అలాగే ఉంచమనడాన్ని.

అతని తండ్రి కథ విన్నాక ఈ తేడా ఇంకొంచెం తేటపడింది. నారాయణపేట ఉన్న పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నుంచి ముంబై, పుణే దాకా, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడి దాకా పోయిన వలసకూలీల కథలు కొత్తవి కావు. గుంపు మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, మట్టిపనికి వెళ్లేవాళ్లు. ఇతని తండ్రి కూడా అలా వెళ్లినవాడే. ఊరికి దూరమై, ఊరిని తలుచుకుంటూ బతికినవాడు. మరి ఆయన తలుచుకున్నది ఏమిటి? వానలు పడ్డాయా, చెరువులోకి నీళ్లు వచ్చాయా, కంది ఎలా ఉంది, తెచ్చిన బాకీలో ఇంకెంత మిగిలింది. ఊరి నుంచి ఎవరొచ్చినా అడిగేది ఇవే. ఈ ఏడు వాన పడితే మళ్లీ మేస్త్రీ దగ్గరికి పోయే పని ఉండదు. ఆయన తలపోతలో ఊరు మారాలి. మారితేనే తిరిగి వెళ్లగలడు. మా తలపోతలో ఊరు మారకూడదు. ఎందుకంటే మేం తిరిగి వెళ్లం, చూసిపోవడానికి వెళతాం.

స్నేహితుడు దీనికి ఒప్పుకున్నాడో లేదో తెలియదు. "మా నాన్నకు కూడా కురుమూర్తి జాతర అంటే ప్రాణం. పని మానుకుని, మేస్త్రీతో తిట్లు తిని మరీ వచ్చేవాడు. దానికి వాన లెక్కలేం లేవు" అని మాత్రం అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నా వాదానికి లొంగని వాసన ఇంకొకటి ఉంది: బత్తాయి పూత. నల్గొండ బత్తాయి తోటల పక్క నుంచి పొద్దున్నే సైకిలు మీద వెళ్లినవాళ్లకు ఆ పూత వాసన గురించి వర్ణించి చెప్పక్కర్లేదు. అది కరువు వాసన కాదు, కలిగిన వాసన. నీళ్లున్న రైతు తోటలోంచి వచ్చేది. అయితే ఆ నీళ్లు ఎక్కడివి? బోర్లవి. తోట ఎండిపోకుండా బోరు పక్కన బోరు, మరింత లోతుకు వేస్తూ పోయారు. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్ల మొదట్లో పోశారు. అప్పటికీ ఎండిన తోటలను రంపాలతో కోసి కట్టెలకు అమ్ముకున్నారు. ఇదంతా తెలిసి కూడా, ఆ పూత వాసన తలపుకు వస్తే నా మనసు ఏ లెక్కలూ వేయదు. వేయాలని కూడా లేదు.

పోకూడనివి పోయిన మాట కూడా ఉంది. బతుకమ్మకు తంగేడు పూలు బీళ్లలో, గట్ల మీద ఎక్కడపడితే అక్కడ దొరికేవి. బీళ్లన్నీ ప్లాట్ల రాళ్లు పాతుకున్నాక ఇప్పుడు కట్ట ఇంత అని కొనుక్కుంటున్నారు. ఇది ఎవరి లేమీ తీరి పోయింది కాదు. ఇక్కడ మిషిగన్‌లో బతుకమ్మ రోజులకు రోడ్ల పక్కన పసుపుపచ్చగా గోల్డెన్‌రాడ్ అనే అడవిపువ్వు విరగపూస్తుంది. మా ఆడవాళ్లు తంగేడుకు బదులు దాన్నే పేరుస్తున్నారు. మా పిల్లలకు బతుకమ్మ అంటే ఆ పువ్వు వాసనే. రేపు వాళ్లు ఎక్కడికో వెళ్లి, గోల్డెన్‌రాడ్ లేని బతుకమ్మ కూడా ఒక బతుకమ్మేనా అని పోస్టులు రాస్తారు కాబోలు.

పనికొచ్చే జ్ఞాపకం

ఇంత రాశాక, జ్ఞాపకాలు దేనికీ కొరగావని నేను అంటున్నట్టు అనిపించవచ్చు. అలా అనడం లేదు. ఊరు వాటిని అడిగినప్పుడు ఇవ్వడం ఒక పద్ధతి, అడగకుండా ఊరి మీద రుద్దడం ఇంకో పద్ధతి అంటున్నాను.

ఈ మధ్య మా పెద్దనాన్న కొడుకు ఫోను చేశాడు. ఊళ్లోనే వ్యవసాయం చేస్తాడు. మా చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో, ఒక పక్క నుంచి మట్టి పోసి చదును చేస్తున్నారట. అది శిఖమే కాదు, పట్టా భూమి అని వాదిస్తున్నారట. చెరువు నిండి చాలా ఏళ్లయింది కాబట్టి, నీళ్లు ఎంతదాకా వచ్చేవో కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో తగ్గిపోయారు. "తమ్ముడూ, మనం చిన్నగా ఉన్నప్పుడు చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో నీకు గుర్తుందా?" అని అడిగాడు.

గుర్తుంది. మా ఊరి గురించి నాకు ఇంత బాగా గుర్తున్నది ఇంకొకటి లేదు. రాత్రి పడుకుంటే మత్తడి చప్పుడు మా ఇంటిదాకా వినిపించేది. పొద్దున పోయి చూస్తే ఎర్రటి నీళ్లు కట్ట కింది రాళ్ల మీద నురగలు కక్కుతూ పడుతుంటే, చేపల కోసం వలలు, చీరలు, దోమతెరలు పట్టుకుని ఊరంతా అక్కడే. ఒండ్రు వాసన, తడిసిన తుమ్మచెట్ల వాసన, ఎవరో అక్కడే కాలుస్తున్న చేప వాసన. ఒక పేజీ నిండా రాసి అన్నకు పంపాను. ఆ రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అన్న మర్నాడు ఫోను చేశాడు. "బాగా రాశావు తమ్ముడూ, మీ వదినకు చదివి వినిపించాను. కానీ ఇది తహసీల్దారు ఆఫీసులో పనికిరాదు. వాసనలు వద్దు. తూము నుంచి ఎన్ని అడుగులు, ఏ సర్వే నంబరులో ఏ చెట్టు మునిగింది, అది చెప్పు" అన్నాడు.

దాంతో ఇప్పుడు రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కంప్యూటర్ ముందు ఉపగ్రహం తీసిన పటం పెట్టుకుని కూర్చుంటున్నాం, అక్కడ అన్న పొద్దున చాయ్ తాగుతూ, ఇక్కడ నేను. పాత తూము రాయి దొరికింది. కట్ట వంపు తిరిగే చోటు తేలింది. ఈతలకు దిగే ముందు మేం బట్టలు తగిలించిన వేపచెట్టు, ఆ ఏడు కొమ్మలదాకా మునిగింది, అది దొరికితే హద్దు దాదాపు తేలినట్టే. వాగు వచ్చి కలిసే చోటికి ఎడమ పక్కన ఉండేదని నేనంటాను. కుడి పక్కన అని అన్న అంటాడు. ఇంకా తెగలేదు. చిన్నమ్మను అడిగితే అసలు అది వేపచెట్టే కాదు, కానుగ అంటోంది.